చట్టానికెక్కిన ఆటిజం

భారత పార్లమెంటు 1995లో ఆమోదించిన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది గాని, అంధత్వం, బుద్ధిమాంద్యం వంటివి ఉన్న ఆ జాబితాలో ఆటిజం లేదు. పుట్టుక నుంచే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా వల్ల నలుగురితో మాటామంతీ కలపడం కష్టమై, ఒకే తీరు పనులకూ అలవాట్లకూ గట్టిగా కట్టుబడి, శబ్దాన్నీ వెలుతురునూ స్పర్శనూ తక్కినవారికి భిన్నంగా గ్రహించే స్థితిని ఆటిజం అంటారు. వైకల్య ధ్రువపత్రం చేతిలో లేనిదే ప్రభుత్వ రాయితీ ఏదీ అందని దేశంలో, అటువంటి బిడ్డను బుద్ధిమాంద్యం కింద రాయించుకోవడమో, ఏ సాయమూ లేకుండా నెట్టుకురావడమో తప్ప కుటుంబానికి దారి ఉండేది కాదు. తెలివితేటల పరీక్షలో నెగ్గిన పిల్లలకు ఆ మొదటి దారి కూడా మూసుకుపోయేది.

ఈ స్థితిని ప్రత్యేకంగా గుర్తించి, 1943లో పదకొండు మంది పిల్లల వివరాలతో వ్యాసం ప్రకటించినవాడు అమెరికాలోని బాల్టిమోర్ వైద్యుడు లియో కానర్. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా, తల్లి ప్రేమ కరవవడం వల్లనే బిడ్డ ఇలా అయ్యాడన్న వాదం పాశ్చాత్య వైద్యరంగాన్ని ఏలి, లెక్కలేనంత మంది తల్లులను నేరస్థుల్లా నిలబెట్టింది. స్వయంగా ఆటిజం ఉన్న కుమారుడికి తండ్రి అయిన మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో వెలువరించిన పుస్తకం ఆ వాదాన్ని గట్టిగా దెబ్బతీసింది. 1972లో నార్త్ కరొలైనా రాష్ట్రమంతటా విస్తరించిన టీచ్ పద్ధతిలో ఎరిక్ షాప్లర్ తల్లిదండ్రులను చికిత్సలో భాగస్వాములుగా చేసుకున్నాడు. బల్ల పక్కన వరుసగా అంటించిన కంచం, బూట్లు, బస్సు బొమ్మలను చూసి తర్వాత జరగబోయేది బిడ్డ ముందే తెలుసుకోవడం, ఒక పని ముగిశాక దాని బొమ్మను తీసి పక్కన పెట్టడం ఆ పద్ధతిలోని ముఖ్యమైన భాగం. నేడు భారతదేశపు ప్రత్యేక పాఠశాలల్లోనూ కనిపించే బొమ్మల దినచర్యకు మూలం ఇటువంటి పద్ధతులే.

భారతదేశంలో ఈ మార్పుకు నడుం కట్టినవారు కూడా ప్రధానంగా తల్లిదండ్రులే. ఆటిజం ఉన్న బిడ్డ తల్లి మెరీ బారువా 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థను స్థాపించారు. ఆటిజం తెలిసిన ఉపాధ్యాయులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది ఉన్న కాలంలో ఆ సంస్థ ఓపెన్ డోర్ అనే బడి నడపడంతో పాటు ఉపాధ్యాయ శిక్షణనూ చేపట్టింది. తల్లి, బిడ్డ కలిసి వచ్చి కొన్ని వారాలు ఉండి నేర్చుకునే ఏర్పాటు కూడా అక్కడ జరిగింది. థెరపిస్టు దొరకని ఊరికి తిరిగి వెళ్లాక బిడ్డకు నేర్పవలసింది తల్లే కనుక, బడికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో ఇంటికీ అంత ఇవ్వడం ఎంతో ముందుచూపు గల నిర్ణయం.

ఇటువంటి సంఘాల ఒత్తిడి ఫలితంగా 1999 డిసెంబరులో వచ్చిన జాతీయ ట్రస్టు చట్టంలో ఆటిజం పేరు తొలిసారి చేరింది. తాము పోయాక బిడ్డను ఎవరు చూస్తారన్న తల్లిదండ్రుల దిగులే ఆ చట్టానికి పునాది. పద్దెనిమిదేళ్లు నిండినవారికి సంరక్షకుణ్ణి నియమించే అధికారాన్ని అది జిల్లా కలెక్టరు సభ్యుడిగా ఉండే స్థానిక కమిటీకి అప్పగించింది.

అయితే చట్టంలో పేరున్నా, ఆటిజాన్ని కొలిచి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఖరారు కాలేదు. ఆ కొరత తీర్చిన కొలమానం సికింద్రాబాద్‌లో తయారైంది. 1984లో ఏర్పడిన అక్కడి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ భారతీయ కుటుంబాలకు సరిపడేలా రూపొందించిన ఆ కొలమానాన్ని ఇసా అని పిలుస్తారు. కళ్లలోకి చూడకపోవడం, పలకరింపుగా నవ్వకపోవడం, విన్న మాటనే తిరిగి అనడం, మార్పును సహించలేకపోవడం వంటి 40 అంశాలు అందులో ఉంటాయి. పరీక్షకుడు బిడ్డను గమనించి, తల్లిదండ్రులను అడిగి, ఒక్కో అంశం ఎంత తరచుగా కనిపిస్తుందో బట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తాడు. మొత్తం 70కి చేరితే స్వల్పం, 106 దాటితే మధ్యస్థం, 153 దాటితే తీవ్రం అని తేలుస్తాడు. దీని ఆధారంగా ధ్రువపత్రాలు ఇవ్వాలని కేంద్రం 2016 ఏప్రిల్‌లో ప్రకటించింది, అంటే పేరుకూ పత్రానికీ నడుమ పదహారేళ్లకు పైగా గడిచిపోయాయి, ఆ నడుమ ఒక తరం పిల్లల బడి వయసే దాటిపోయింది. బిడ్డకు ఎక్కడ, ఏ సాయం అందితే ఇబ్బంది తగ్గుతుందో ఈ కొలమానం అడగదన్న లోపం ఉన్నా, తెలుగు నేలపై రూపుదిద్దుకున్న ఆ సాధనం దేశమంతటా తల్లిదండ్రుల చేతికి మొదటి ఆధారాన్ని ఇచ్చింది.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, ఆటిజాన్ని చేర్చి, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్యను హక్కుగా చేసింది. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని ఆటిజంతో పాటు మరికొన్ని వైకల్యాలు పంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలను బడికి చేరువ చేస్తున్నాయి గాని, అన్ని వైకల్యాల పిల్లలనూ ఒకే గదిలో చూడవలసిన ఉపాధ్యాయులపై ఆటిజం భారమంతా మోపడం న్యాయం కాదు.

ఈలోగా ఆటిజం ఉన్న పెద్దలే తమ తరఫున మాట్లాడసాగారు. 1992లో జిమ్ సింక్లెయిర్ తదితరులు అమెరికాలో ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే సంఘం పెట్టుకుని, తమను చూసి శోకించవద్దనీ, తమ తీరును అర్థం చేసుకోవాలనీ తల్లిదండ్రులను కోరారు. వైకల్యం ఉన్నవారికి తక్కినవారితో సమానంగా నిర్ణయాధికారం ఉందని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం చెప్పగా, భారతదేశం దాన్ని 2007లో ధ్రువీకరించింది. అందుకే 2016 చట్టం పరిమిత సంరక్షణ అన్న ఏర్పాటు చేసి, సంరక్షకుడూ ఆ వ్యక్తీ పరస్పర విశ్వాసంతో కలిసి నిర్ణయం తీసుకోవాలంది. అయినా 1999 చట్టం రద్దు కాలేదు. తల్లిదండ్రుల దిగులుతో పుట్టిన పూర్తి సంరక్షణ, బిడ్డ ఇష్టాన్ని కూడా అడగమనే పరిమిత సంరక్షణ, రెండూ ఒకే దేశంలో పక్కపక్కనే అమలులో ఉన్నాయి.