ఉన్ని రంగులు - శ్రమ చరిత్ర

"ప్రకృతిసిద్ధమైన రంగు" అనే మాటకు ఈనాడు బజారులో మంచి గిరాకీ ఉంది. వేళ్ళతో, ఆకులతో, తొక్కలతో అద్దిన ఉన్ని ఏటిని విషం చెయ్యదనీ, నేలను పాడు చెయ్యదనీ చెప్పి హెచ్చు ధరకు అమ్ముతున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని ఒక వస్తువు మంచిచెడ్డలు తేల్చేటప్పుడు అది దేనితో తయారైందని అడిగి ఊరుకుంటే చాలదు. ఎవరి శ్రమతో, ఏ షరతుల మీద తయారైందని కూడా అడగాలి.

ముందుగా ఆ శ్రమ ఎటువంటిదో చూద్దాం. ఉన్ని జంతువు వెంట్రుక గనుక నూలు కంటె సులభంగా రంగు పట్టుకుంటుంది. అయినా మంజిష్ఠ వేరు ఎరుపు ఉతుకుకూ ఎండకూ నిలవాలంటే ఉన్నిని మొదట పటిక నీళ్ళలో కాచాలి. పటిక అటు పోగునూ ఇటు రంగునూ పట్టి బిగిస్తుంది. నీలిమందుది వేరే దారి. అది నీటిలో కరగదు. తొట్టెలో పులియబెట్టి కరిగే రూపానికి తేవాలి. అందులో ముంచి తీసిన ఉన్ని, గాలి తగిలిన కొద్దీ ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. ఇనుమూ కరక్కాయ వంటి వగరు పదార్థమూ కలిపి వేసే నలుపు క్రమంగా ఉన్నినే తినేస్తుంది. పాత తివాచీలలో నల్లని భాగాలు ముందుగా అరిగిపోవడం అందువల్లనే. ఈ శాస్త్రాన్ని నిలబెట్టినవాళ్ళ పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. తరతరాల శ్రామిక స్త్రీపురుషులు చేతులు కాల్చుకొని నేర్చిన విద్య ఇది.

1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ యువకుడు క్వినైన్ తయారు చెయ్యబోయి, బొగ్గు తారు నుంచి ఊదారంగు రాబట్టాడు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ ఐరోపా మంజిష్ఠలోని ఎర్రని పదార్థాన్నే ప్రయోగశాలలో సృష్టించారు. కొద్ది కాలానికే దక్షిణ ఫ్రాన్సులో మంజిష్ఠ సాగు కూలిపోయింది. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని బజారులో దించింది.

అయితే పోయిన కాలాన్ని తలచుకొని మనం కన్నీరు కార్చవలసిందేనా? నీలిమందు అచ్చంగా మొక్క రంగే. ఇంగ్లండు బట్టలకు ఆ రంగు అందించడానికే బెంగాలులో తెల్లదొరలు రైతుకు బయానా అంటగట్టి, వరి పండే భూమిలో నీలి వేయించారు. 1859లో రైతులు తిరగబడ్డారు. 1860లో దీనబంధు మిత్ర 'నీలదర్పణ్' నాటకం వెలువడింది. చంపారన్‌లో 20 కట్టాల భూమికి 3 కట్టాలలో నీలి వేసి తీరాలన్న నిర్బంధం ఉండేది. కృత్రిమ నీలి వచ్చి ధర పడిపోతే దొరలు ఆ నష్టాన్ని తాము భరించలేదు. నిర్బంధం నుంచి వదిలిపెట్టినందుకు కౌలు పెంచి రైతుల దగ్గరే రాబట్టుకొన్నారు. 1917లో గాంధీ అక్కడ విన్న ఫిర్యాదులలో ఇదీ ఒకటి. మొక్క రంగు రైతును బానిసను చేసింది. రసాయనపు రంగు అతనిని విడిపించలేదు.

ఇక కర్మాగారంలో కార్మికుడి గతి ఏమైంది? 1895లో ఫ్రాంక్‌ఫర్టు వైద్యుడు లుడ్విగ్ రేన్, రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రకోశంలో కంతులు లేస్తున్నాయని వెల్లడించాడు. 1925లో జర్మన్ రంగుల కంపెనీలు ఐ.జి. ఫార్బెన్ అనే గుత్త సంస్థగా ఏకమైనాయి. ఆ సంస్థే ఆష్‌విట్జ్ దగ్గర ఖైదీల చేత చావు చాకిరీ చేయించింది. లాభమే ధ్యేయమైనప్పుడు రంగు పరిశ్రమ ఎంత దూరం పోగలదో ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

అంటే తప్పు విజ్ఞానానిదా? కాదు. 1981లో తుర్కీలో మొదలైన 'దోబాగ్' పథకం ఇందుకు ఉదాహరణ. ఇస్తాంబుల్‌లో ఉపాధ్యాయుడుగా ఉన్న జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హరాల్డ్ బ్యోమర్ పాత తివాచీల రంగులను విశ్లేషించి, అవి ఏయే మొక్కలవో తేల్చాడు. పల్లెలు మరచిపోయిన విద్యను రసాయన శాస్త్రమే తిరిగి వాటి చేతిలో పెట్టింది. ఆయ్వజిక్ పల్లెల నేతగాళ్ళు సహకార సంఘంగా ఏర్పడ్డారు. యుంత్‌దా ప్రాంతంలో స్త్రీలే సంఘం పెట్టుకొన్నారు. అక్కడ మొక్క రంగుకు విలువ తెచ్చింది మొక్క ఒక్కటే కాదు, ఆ సంఘం కూడా.

మన పల్లెల ఉన్ని సంగతి చూడండి. కురుమల గొంగడికి అద్దకమే అక్కరలేదు. దక్కనీ గొర్రె నలుపే దాని రంగు, చింతగింజల గంజే దాని బిగువు. ఏటికి ఇంతకంటె హాని చెయ్యని బట్ట ఏముంటుంది? కాని తెలంగాణా సాయుధ పోరాటానికి ముందు గొల్లకురుమలు దేశ్‌ముఖులకు వెట్టి కింద గొర్రెలను ఇచ్చుకోవలసి వచ్చేది. వెట్టి పోయాక బజారు వచ్చింది. బజారు మాంసానికి ధర కట్టింది, ఉన్నికి కట్టలేదు. ఉన్ని గొర్రె స్థానంలో మాంసపు గొర్రె వచ్చింది, మగ్గాలు మూలపడ్డాయి.

మొక్క రంగులు రావలసిందే. క్రోమియం లవణాలు మాని పటిక వాడవలసిందే, రంగునీళ్ళు ఏట్లో కలవకుండా ఆపవలసిందే. అయితే దానితోపాటు రంగు వేసే చేతికి ధర నిర్ణయించే హక్కు కూడా రావాలి. అది రాని నాడు "ప్రకృతి" అనేది దుకాణం పలక మీద మరొక రంగు మాత్రమే అవుతుంది.