అయ్యవారి సంభావన

శరన్నవరాత్రములు ప్రవేశించిన నాటినుండి మన పల్లెలలోని అయ్యవారు తమ బడిని వీథిలోనికి నడిపించుకొని వచ్చుచుండెడివారు. తెల్లవారకమునుపే తలంటి పోసికొని, ఉన్నంతలో క్రొత్తబట్టలు కట్టికొని, రంగుకాగితములు చుట్టిన వెదురు విల్లంబులు చేతబట్టిన పిల్లలు బారులు తీర్చి అయ్యవారికి ముందు నడచుచు, ప్రతి యింటి గుమ్మము నెదుటను నిలిచి, తాము నేర్చిన పద్యములను, గృహస్థునకు దీవెనలుగా కూర్చిన దసరా పాటలను ఏకకంఠముగా చదివి, బాణముల కొనలయందు దాచియుంచిన బుక్కాను, పూలరేకులను ఇంటివారి మీద చల్లుచుండెడివారు. ఇంటి యజమానుడు తన శక్తికొలది రూపాయియో, అర్ధరూపాయియో, పంట బాగుగ పండిన యేట పంచెల చాపో, తాంబూలముతో అయ్యవారి చేత నుంచుచుండెను. పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లములు పడుచుండెను.

ఈ యాచారమును భిక్షాటనముగా నెంచి చిన్నచూపు చూచినవారు గలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఏడాది పొడుగున చాలీచాలని రాబడితో కుటుంబమును నెట్టుకొని వచ్చిన విద్వాంసుడు పండుగనాడు గుమ్మము గుమ్మమునకు తిరుగవలసివచ్చుట ఆ సంఘమునకు కీర్తికరము కాదు. కాని యందు మరియొక యంశము గలదు, దానిని మనము మరచితిమి. పిల్లవాడు తన యింటి గుమ్మమున నిలిచి తప్పు లేకుండ, తడబాటు లేకుండ పద్యము చదివినప్పుడు తండ్రి వినునది కొడుకు కంఠమే యైనను తూచునది గురువు శ్రమను. ఎవరి పిల్ల లెంత నేర్చిరో, ఏ అయ్యవారి బడిలో ఉచ్చారణ నిర్దుష్టమో, ఎవరి చేతిక్రింద అక్షరము కుదురునో ఊరివారందరును ఆ తొమ్మిది దినములలో చెవులార విని తెలిసికొనుచుండిరి. పిమ్మట నొసంగు సంభావన ఆ వినికిడికి ఫలము. ఉపాధ్యాయుని గౌరవించుటకు మన దేశమున నేర్పడిన పద్ధతులలో, గౌరవించువాడు గౌరవమునకు కారణమైన పనిని స్వయముగా నెరిగియుండిన పద్ధతి యిదియే యని నా యభిప్రాయము.

ఆ వీథిబడుల స్థితిగతులను గూర్చి మనకు దొరకిన మంచి సాక్ష్యము ఒక తెల్లదొర వ్రాసినది. 1822వ సంవత్సరమున చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండిన సర్ టామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలయందు బడు లెన్ని, చదువుకొనువా రెందరు అని కలెక్టర్ల నడిగి లెక్కలు తెప్పించెను. ఆ లెక్కలలో నేటికిని శ్రద్ధతో చదువదగినది బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. ఈ కాంబెల్ అంతకు కొన్నియేండ్ల ముందే తెలుగు భాషకు వ్యాకరణము రచించి ప్రకటించిన పండితుడు. కనుక బడిలోనికి తొంగిచూచినప్పుడు అచ్చట జరుగుచున్నదేమో గ్రహించుటకు తగిన సంస్కారము అతనికి గలదు. నేటి అనంతపురపు సీమను కూడ కలుపుకొని యుండిన ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులును, వానియందు 6,641 మంది పిల్లలును ఉండిరి. వానిలో 226 తెలుగు బడులు, 235 కన్నడపు బడులు. తక్కినవి సంస్కృతము, మరాటీ, పారసీ, అరవము, ఇంగ్లీషు నేర్పునవి. ప్రొద్దుట బడికి మొట్టమొదట వచ్చిన పిల్లవాని యరచేతిలో సన్మానచిహ్నముగా సరస్వతీదేవి పేరు వ్రాయుదురనియు, రెండవవాని చేతిలో సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలుకొని వరుసగా ఒకటి, రెండు, మూడు దెబ్బలు తినవలయుననియు ఆ నివేదిక చెప్పుచున్నది. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు పాఠము చెప్పించు మన పద్ధతిని అతడు మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియేయున్నదని కూడ వ్రాసెను.

అంతటి మెప్పు వ్రాసిన కలమే యా 533 బడులలో ప్రభుత్వమునుండి సాయము పొందునది ఒక్కటియు లేదని తెలుపుటకు సిగ్గుపడుచున్నానని వ్రాసినది. పూర్వము రాజులు విద్యకై యిచ్చిన మాన్యములు, వేతనములు క్రమముగా అంతరించినవనియు, చేతిపనులు క్షీణించి కాపురములు చితికిపోవుటచే బడులుండిన గ్రామములలోనే బడులు లేకుండపోయిన వనియు అతడు స్పష్టముగా చెప్పెను. కొలువులో నున్నవాడు తన కొలువును గూర్చి యిట్టి మాట వ్రాయుట సామాన్యము కాదు.

అంతరించిన ఆ పూర్వపద్ధతి యెట్టిదో చూడవలెనన్నచో కృష్ణానది దక్షిణపుటొడ్డున, తుళ్లూరు ప్రాంతమునందలి మల్కాపురమునకు పోవలెను. అచ్చటి శిలాస్తంభముపై 1261వ సంవత్సరమున చెక్కిన శాసనము కాకతీయ రుద్రమదేవి కాలమునాటిది. గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యునకు మందడ గ్రామమును సంకల్పించి యుండెను. రుద్రమదేవి తండ్రి సంకల్పమును నెరవేర్చి, వెలగపూడిని కూడ చేర్చి యిచ్చెను. విశ్వేశ్వరుడు ఆ దానమును తన భోగమునకు వినియోగింపక, అచ్చట మఠమును, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను నెలకొల్పి, మూడు వేదములకు ముగ్గురు ఉపాధ్యాయులను, తర్కసాహిత్యాగమాది శాస్త్రములకు ఐదుగురిని నియమించి, వారితోపాటు ఒక వైద్యునకును, ఒక లెక్కలు వ్రాయువానికిని కూడ జీవనము కల్పించెను. నే డాంధ్రప్రదేశ ప్రభుత్వపు సచివాలయము నిలిచియున్నది ఆ వెలగపూడియందే. గురువు పొందిన గౌరవము మరి యెనమండుగురు గురువులకు అన్నమై, భూమియై పరిణమించిన యీ సందర్భము నేను చదివిన శాసనములన్నిటిలోను నా మనస్సున కత్యంత ప్రియమైనది. బిరుదము నిచ్చి పొమ్మనక భూమి నిచ్చి యుండుమనిన ఆ సంస్కృతిలో సన్మానమునకును జీవనమునకును ఎడము లేదు. ఆ సత్రమున జాతిభేదము లేక అన్నము పెట్టవలెనని శాసనము విధించినది గాని వేదపాఠశాల తలుపులు మాత్రము కొందరికే తెరచియుండెను; ఈ మాట విడిచి ఆ కాలమును పొగడుట సత్యము కాదు.

మన్రో తాను తెప్పించిన లెక్కలను చదివి 1826 మార్చిలో ఒక తీర్మానపత్రము వ్రాసెను. సామాన్యముగా ఉపాధ్యాయులకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదనియు, ఆపాటి రాబడికి యోగ్యులైనవారు ఈ వృత్తికి రారనియు అందు నిష్కర్షగా చెప్పి, జిల్లాబడి యుపాధ్యాయునకు పదునైదు, తహశ్శీలు బడి యుపాధ్యాయునకు తొమ్మిది రూపాయల చొప్పున సర్కారే జీత మీయవలెనని ప్రతిపాదించెను. మరుసటియేట పత్తికొండలో అతడు మరణించెను. అతని బడులు పెంపు లేక కుంటుచు, 1836లో ఎత్తివేయబడినవి. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి వచ్చినది. ఏటి కొకమారు తనిఖీదారు వచ్చి, పిల్లలను వరుసగా నిలిపి పరీక్షించి, గట్టెక్కిన తలకాయలను లెక్కించి, ఆ లెక్క చొప్పున సొమ్ము నిర్ణయించుచుండెను. దసరా గుమ్మములయందు ఊరు చేసిన పరీక్షను ఇప్పుడు ఊరెరుగని యధికారి చేయుచుండెను. ఆ పూటకు పిల్లవానికి జ్వరము తగిలినచో అయ్యవారి జీతమునకును జ్వరము తగులుచుండెను.

సర్కారు సన్మానము ఆ కాలముననే మరియొక త్రోవ తొక్కినది. విక్టోరియా రాణి పాలనమున ఏబదియేండ్లు నిండిన 1887వ సంవత్సరమున సంస్కృత విద్వాంసులకు మహామహోపాధ్యాయ బిరుదమును, అరబ్బీ పారసీ విద్వాంసులకు షంసుల్ ఉలేమా బిరుదమును నెలకొల్పిరి. మన దేశమున చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులైన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారికి మహామహోపాధ్యాయ బిరుదము వచ్చినది. అధ్యాపక వృత్తిలో పేరు గడించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారికి 1893లో రావుబహద్దరు బిరుదము లభించెను. పిఠాపురపు రాజావారి కళాశాలకు చిరకాలము ప్రధానాచార్యులై, కాకినాడలో ఒక తరమును తీర్చిదిద్దిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1924లో సర్ బిరుదమును పొందిరి. పర్లాకిమిడిలో బడిపంతులై యుండి, సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును రచించి, వారి పిల్లలకు వారి నుడిలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పంతులుగారికి రావుసాహెబు బిరుదమును, కైజర్-ఇ-హింద్ పతకమును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి కళాప్రపూర్ణ బిరుదమును వచ్చినవి. వీరందరు నర్హులే. ఐనను ఆ బిరుదపట్టికల నెంత వెదకినను కళాశాలాచార్యులు, మహాపండితులు, సంస్కర్తలు కనబడుదురే గాని, ఇసుకలో పిల్లవాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించిన అయ్యవారు కనబడరు. గిడుగువారి విషయమునను బిరుదము నిచ్చినవారికి కనబడినది భాషాశాస్త్రమే యైయుండును. ఎండలో కొండలెక్కి సవర పిల్లలను బడికి పిలిచిన పంతులు కాదు.

రాజులయు ప్రభుత్వములయు సంబంధము లేని సన్మానమొకటి బందరులో జరిగినది. అచ్చటి హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు పండితులై యుండగా వారి యెదుట కూర్చున్న పిల్లలలో విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు ఉండిరి. గజారోహణములు, గండపెండేరములు చూచిన శాస్త్రిగారికి 1949లో మదరాసు ప్రభుత్వపు ఆస్థానకవి పదవియు లభించినది. కాని శ్రీమద్రామాయణ కల్పవృక్షపు అవతారికలో విశ్వనాథవారు తమ గురువును స్మరించిన విధమును చదివినవారికి, ఆస్థానపదవి దాని ముందు తేలికయే యని తోచును. విద్యార్థి పండి కావ్యమై, ఆ కావ్యమున గురువు నిలుచుట కంటె పెద్ద సత్కార మేది? ఐనను అట్టి శిష్యుడు అందరు గురువులకును దొరకడు. నాలుగవ తరగతితో చదువు మానుకొని మడక పట్టిన పిల్లవాని గురువునకు అవతారిక యెవరు వ్రాయుదురు?

స్వతంత్రభారతము ఆ ప్రశ్నకు సమాధాన మీయ యత్నించినది. 1958వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారములను నెలకొల్పినప్పుడు విశ్వవిద్యాలయాచార్యులను గాక, ప్రాథమిక మాధ్యమిక పాఠశాలలలో పనిచేయువారినే ఉద్దేశించెను. మన చరిత్రలో మొట్టమొదటిసారిగా పల్లెటూరి బడిపంతులు దేశాధిపతి యెదుట నిలిచి పతకము నందుకొనుటకు త్రోవ యేర్పడినది. 1962లో సర్వేపల్లి రాధాకృష్ణయ్యగారు రాష్ట్రపతులైరి. వారి జన్మదినమైన సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైనది. కొన్ని సంవత్సరములలోనే పురస్కార ప్రదానమును ఆనాటికే మార్చిరి. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులై యుండి వాల్తేరునకు మహావిద్వాంసులను రప్పించిన రాధాకృష్ణయ్యగారి యెడ మనవారి కాదరము సహజము. వారు 1921లో మైసూరు విడిచి కలకత్తాకు పోవుచున్నప్పుడు విద్యార్థులు బండికి గుర్రములను కట్టనీయక, పూలతో నలంకరించి, తామే లాగుకొనుచు రైల్వేస్టేషనునకు చేర్చిరన్నది లోకప్రసిద్ధము.

పురస్కారపు నిబంధనలు మాత్రము కాగితముల వెంబడి నడచినవి. ఉపాధ్యాయునకు పదునైదేండ్ల సేవ, ప్రధానోపాధ్యాయునకు ఇరువదియేండ్ల సేవ యుండవలెను. జిల్లాలో నొక సంఘము పేర్లను పరిశీలించి రాష్ట్రమునకు పంపవలెను. రాష్ట్రసంఘము వానిని వడగట్టి ఢిల్లీకి పంపవలెను. ఏటేట మూడువందలకు పైబడి పురస్కారము లీయబడిన కాలమున కూడ, ఒక్కొక్క పేరునకు వెనుక ధ్రువపత్రముల కట్ట, ఫలితముల పట్టిక, పై యధికారి మెప్పుమాట యుండవలసినదే. సిఫారసు లేనివాని పేరు జిల్లా దాటదని ఉపాధ్యాయులు నొచ్చుకొనుచుండిరి. ఆ నొప్పిని తీర్చుటకే కాబోలు, 2018లో పద్ధతిని మార్చి, ఉపాధ్యాయుడు తన పేరును తానే ప్రతిపాదించుకొనవచ్చుననియు, పురస్కారములు నలుబదియైదు మాత్రమే యుండుననియు నిర్ణయించిరి. సిఫారసు చేయు పెద్దలు లేని యేకోపాధ్యాయ పాఠశాలలోని పంతులునకు దీనివలన త్రోవ తెరచుకొన్నది, అది మేలే. కాని మంచి గురువులలో పెక్కుమంది తమ గొప్పను తాము వ్రాసికొనలేరు. పదునెనిమిదేండ్లు గిరిజన గూడెమున పాఠము చెప్పినవానిని కూర్చుండబెట్టి నీ ఘనతను నీవే నిరూపించుమనిన, ఆతడు పిల్లల పేర్లు చెప్పునేమో గాని తనను గూర్చి ఒక వాక్యమైన వ్రాయునా?

జీతములు స్థిరపడినకొలది దసరా సంభావన మరుగుపడినది. సంబళము పుచ్చుకొను ఉపాధ్యాయుడు ఇంటింటికి పోవుట తగదని అధికారులు తలంచిరి, ఉపాధ్యాయులును తలంచిరి. చేయి చాచు దుఃస్థితి తొలగుట నిస్సంశయముగా న్యాయము. ఆ చేయితోపాటు పిల్లల గొంతుకలు కూడ గుమ్మములను విడిచిపోయినవి. సంభావనను విడిచి పద్యమును నిలుపుకొనవచ్చుననియు, పురస్కారమున కెంపిక చేయు సంఘము జిల్లా కార్యాలయమున కూర్చుండుటకు బదులు ఒక్క దినమైన ఆ యూరికి పోయి, ఐదారేండ్ల క్రితము ఆ బడి విడిచినవారిని పిలిచి వినవచ్చుననియు నేను దృఢముగా నమ్ముచున్నాను. చెప్పుటకు ఊరివారి వద్ద మాట లేకపోలేదు. 2024లో ఉత్తర తెలంగాణమున ఒక గ్రామపు ప్రభుత్వ పాఠశాలనుండి ఒక యుపాధ్యాయుడు బదిలీయై సమీపపు టూరికి పోగా, తలిదండ్రులు తమలో తాము మాటలాడుకొని, నూటికి పైబడిన పిల్లలను పాత బడినుండి మాన్పించి, ఆయన చేరిన బడిలోనే చేర్పించిరి.