సమ్మతిశబ్దార్థము - న్యాయస్థానములు

మన్ ధాతువునకు జ్ఞాన మర్థము. దానికి సమ్ అను నుపసర్గమును, క్తిన్ ప్రత్యయమును జేరఁగా సమ్మతిశబ్దము సిద్ధించినది. కావున నెఱిఁగి, మనఃపూర్వకముగా నంగీకరించుటయే సమ్మతి. భయముచే నూరకుండుట సమ్మతి గాదు. మౌన మర్ధాంగీకార మను లోకోక్తి పెండ్లిమాటలకుఁ జెల్లునేమో కాని నేరవిచారణకుఁ జెల్లదు. ఈ యర్థభేదమును విస్మరించుటచే బలాత్కారమునకు లోనైన స్త్రీలకు మన న్యాయస్థానములలోఁ జిరకాలము కీడు కలిగినది.

1872వ సంవత్సరపు ఎవిడెన్సు ఆక్టు 155వ సెక్షనున నాలవ ఖండ మొకటి యుండెడిది. బలాత్కారాభియోగమున ఫిర్యాదిని సామాన్యముగా దుశ్శీల యని చూపి యామె సాక్ష్యమును ఖండించుటకు అది ముద్దాయికి వీలు కలిగించెను. సొత్తు పోఁగొట్టుకొన్నవాని శీలమునుగూర్చి యిట్టి ప్రత్యేకవిధి లేదు.

1972 మార్చి 26వ తేదీ రాత్రి, మహారాష్ట్రమందలి చంద్రపూరు జిల్లా దేశాయిగంజి పోలీసుఠాణాలో నొక గిరిజనబాలికపై నత్యాచారము జరిగిన దని యభియోగము వచ్చెను. సెషన్సుకోర్టు ముద్దాయిలను విడిచెను. బొంబాయి హైకోర్టు శిక్షించెను. 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు, దేహమున గాయములు లేవనియుఁ బ్రతిఘటించిన జాడ లేదనియుఁ జెప్పి వారిని మరల విడిచెను. రాత్రివేళ, ఠాణాలోపల, అధికారులయెదుట నొక బాలిక యెట్లు పెనుఁగులాడఁగలదు? బలముచేఁ జేయించినది చేయనట్లే యని మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమునఁ బత్రాదులనుగూర్చి చెప్పియున్నది. కాగితమునకుఁ గల యీ పాటి రక్షణ యామె దేహమునకు లేకపోయెను.

1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కారు, వసుధా ధగంవారు, రఘునాథ కేల్కరు అను నలువురు న్యాయశాస్త్రాధ్యాపకులు ప్రధానన్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసి, లొంగుట వేఱు, సమ్మతించుట వేఱు అని వాదించిరి. వైయాకరణుఁ డెవఁడైనను నిదియే చెప్పును.

దేశమునఁ బుట్టిన యాందోళనమునకు ఫలముగా 1983వ సంవత్సరపు 43వ చట్టము వచ్చెను. పోలీసుల నిర్బంధమందు సంభోగము రుజువై, తాను సమ్మతింప లేదని స్త్రీ కోర్టులోఁ జెప్పినచో, న్యాయస్థాన మట్లే భావింపవలె నని విధించెను. రహస్యవిచారణయు, బాధితురాలి పేరు ప్రకటింపరాదను నియమమును అప్పుడే యేర్పడినవి. అయినను శీలపరీక్ష చేయు ఆ నాలవ ఖండము చెక్కుచెదరలేదు! నూటముప్పదియేండ్లు బ్రదికి, 2002వ సంవత్సరపు సవరణచే నది తొలఁగెను.

సమ్మతికి లక్షణవాక్యము 2013లోఁగాని చట్టమున నెక్కలేదు. స్త్రీ స్వేచ్ఛతో, మాటచేతనో చేష్టచేతనో నిస్సందేహముగాఁ దెలిపినదే సమ్మతి యనియు, ప్రతిఘటింపకపోయినంతమాత్రమున సమ్మతించినట్లు గాదనియు దాని తాత్పర్యము. 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత 63వ సెక్షనున నా లక్షణము నిలిచియున్నది.