లేపాక్షి యెద్దు, మన కన్నులు

గుడిబండ, మడకశిర ప్రాంతములవారు లేపాక్షికి బోయినప్పుడు వీరభద్రుని దర్శించి, వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచి తిరిగివత్తురు. అచటనే యొక యెద్దు శిల్పము గలదు. దాని యెదుట నిలుచువారు తక్కువ. శరీర మొక్కటి, తలలు మూడు. రెండు తలలను అరచేతితో గప్పినచో మూడవది యా శరీరమునకే పుట్టినట్లమరును. చేయి మార్చినకొలది యెద్దు భంగిమ మారును, రాయి మారదు.

అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుగొండ యధికారులైన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన యాలయమిది. అంతకు పూర్వమే, 12వ శతాబ్దిలో, దారాసురమున చోళశిల్పులు ఒకే తలను ఏనుగునకును ఎద్దునకును పంచియిచ్చిరి. అమెరికాలో జాస్ట్రో యను మనశ్శాస్త్రజ్ఞుడు బాతుగను కుందేలుగను కనబడు బొమ్మను చర్చించినది 1899లో.

జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్స్ 1867 నాటికి ముగించిన దృష్టిశాస్త్ర గ్రంథమున హేతువు జెప్పెను. కంటిలోని తెరపై బడు ప్రతిబింబము చదునైనది, తలక్రిందైనది. దానినిబట్టి వెలుపలి వస్తువు ఇట్టిదని మెదడు మనకు దెలియకయే అనుమానించునట. తర్కము చదివినవారికి అనుమానప్రమాణము క్రొత్త గాదు; క్రొత్తదనమంతయు “మనకు దెలియక” యన్న మాటలోనే యున్నది.

మన వేదాంతులు త్రాటిని పామనుకొనుటను దృష్టాంతముగ జెప్పుదురు. దీపము దెచ్చిన పాము పోవును. కాని 1889లో ముల్లర్-లయర్ ప్రకటించిన గీతలట్టివి గావు. బాణపుమొనలు ఒకదానికి లోపలికిని, రెండవదానికి వెలుపలికిని మరలియుండును. కొలిచి సమానమని యెరిగినను ఒకటి పొడుగుగనే కనబడును.

లేపాక్షి గోడపై ఎఱ్ఱని మరకలు గలవు. నిందపడిన విరుపణ్ణ తన కన్నులు తానే పెరికి విసరెననియు, ఇవి యా నెత్తురనియు జెప్పుదురు. కథ వినని బాలునకు అవి మరకలే. వినిన పిమ్మట నెత్తురు. ఇది త్రాటిపాము జాతి, ప్రశ్న యడిగిన తొలగును. చింతచెట్టు క్రింది దయ్యమును ఇట్టిదే. దీనిని గీతల భ్రమతో గలిపి “అంతయు మాయ” యని చేతులు దులుపుకొనుట నాకు సమ్మతము గాదు.

గీతల భ్రమ చూచిచూచి యలవడినదేమో యని పెక్కుమంది తలచిరి. శుక్లముల నిప్పటికిని కర్మఫలమని యెంచు ఇండ్లు గలవు గాని, పుట్టుశుక్లములను శస్త్రచికిత్సతో దీయవచ్చును. ఉత్తరభారతమున అట్లు చూపు వచ్చిన తొమ్మండుగురు పిల్లలకు, 8 మొదలు 16 ఏండ్ల వారికి, పవన్ సిన్హా బృందము ఇట్టి గీతలను జూపి 2015లో ఫలితము ప్రకటించెను. కట్టు విప్పిన రెండు దినములలోపలనే ఆ పిల్లలును సమానమైన గీతలలో నొకదానిని పొడుగనిరి.