వంగడమే దాని బలం

1953 ఆగస్టు 4న పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ ఒక నల్ల మార్లిన్‌ను గాలానికి పట్టాడు. మన ఉత్తర కోస్తా మత్స్యకారులు కొమ్ముకోనాం అని పిలిచే కోవకు చెందిన చేప అది. తూకం 707 కిలోలు. రాడ్డూ రీలూ వాడి పట్టిన నల్ల మార్లిన్లలో దాన్ని మించింది ఇప్పటికీ రికార్డుకెక్కలేదు. అయితే చేప బరువు కన్నా ఆలోచించాల్సిన అంకె ఈ రికార్డులో మరొకటి ఉంది. గ్లాసెల్ వాడిన దారం 60 కిలోల తరగతిది. చేప బరువులో పన్నెండో వంతు లాగుడుకే తెగిపోయే దారమన్నమాట. అయినా తెగలేదంటే, అక్కడ బలాన్ని బలంతో ఎదిరించలేదని అర్థం. పడవ మీంచి వేటకు వాడే బోట్ రాడ్ మంచిదో కాదో తేల్చాల్సింది ఈ లెక్కతోనే. విరగకుండా నిలవడం ఒక్కటే దాని గొప్పతనం కాదు. దారం తట్టుకోలేని కుదుపును తాను వంగి తట్టుకోవడం దాని అసలు పని. ఈ ఆట నూట పాతికేళ్ల చరిత్ర ఆ సంగతినే రుజువు చేస్తోంది.

ఆ చరిత్రకు మొదలు కాలిఫోర్నియా తీరంలోని శాంటా కాటలీనా దీవి. 19వ శతాబ్దం చివర అక్కడికి విహారానికి వచ్చేవాళ్లు లావు చేతితాళ్లతో చేపలను కుప్పలుగా లాగి, చాలావాటిని వృథాగా పారేసేవారు. ప్రకృతి శాస్త్ర రచయిత ఛార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్‌కు ఇది మింగుడు పడలేదు. 1898 జూన్ 1న ఆయన రాడ్డుతో, సన్నని అవిసెనార దారంతో 183 పౌండ్ల బ్లూఫిన్ ట్యూనాను పట్టి, ఇలా కూడా పట్టవచ్చని చూపించాడు. అదే ఏడాది అక్కడ ట్యూనా క్లబ్ పుట్టింది. పెద్ద చేపల తరగతికి 24 పోగులు, తేలిక తరగతికి 9 పోగులు మించని దారమే వాడాలని ఆ క్లబ్ నిబంధన పెట్టింది. రాడ్డు పొడవుకూ బరువుకూ హద్దులు గీసింది. లావు పెంచి నెగ్గుకొచ్చే దారి దాంతో మూసుకుపోయింది. హికరీ, గ్రీన్‌హార్ట్ కలపలతో, చీల్చి అతికిన వెదురు బద్దలతో రాడ్లు చేసేవాళ్లు ఇక ఎక్కడ ఎంత వంగాలన్న దాని మీద దృష్టి పెట్టక తప్పలేదు. నాణ్యత అన్న మాటకు అర్థం అక్కడే మారింది.

రీలు కథ కూడా ఇదే చెబుతుంది. తొలినాళ్లలో చేప పరుగు తీస్తే రీలు పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్లను చితగ్గొట్టేది. తోలు ముక్కను బొటనవేలితో అదిమిపట్టడమే బ్రేకు. విలియం బోషెన్ అనే వేటగాడి ఆలోచనతో జూలియస్ వోమ్ హోఫ్ తయారు చేసిన రీలులో బ్రేకు లోపలే ఇమిడింది. పిడి కదలకుండానే, బిగించిన మేరకు లాగుడు పడితే దారం దానంతట అదే జారేది. దీన్నే డ్రాగ్ అంటారు. 1913లో బోషెన్ 355 పౌండ్ల బ్రాడ్‌బిల్ కత్తిచేపను పట్టాడు. రాడ్డుతో ఆ జాతి చేపను పట్టిన మొదటివాడు అతనే. అప్పటినుంచి పని రెండుగా విడిపోయింది. నిలకడగా సాగే లాగుడు రీలు వంతు, హఠాత్తుగా వచ్చే కుదుపు రాడ్డు వంతు. 1939లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పుట్టిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ రికార్డులను దారం తెగే బరువును బట్టి తరగతులు చేసింది. నేటికీ బోట్ రాడ్ల మీద 12, 20, 30, 50, 80 పౌండ్లని కనిపించే అంకెలు దారానివే, చేపవి కావు. కాబట్టి కొనబోయేవాడు ఎంత పెద్ద చేపను పట్టాలని కాకుండా, ఏ దారం వాడబోతున్నానని ముందు తేల్చుకోవాలి.

పొడవు విషయంలోనూ చాలామంది పొరబడతారు. రాడ్డు మీట లాంటిదే గానీ, ఆ మీట చేపకే సాయం చేస్తుంది. కొన దగ్గర చేప లాగుతుంటే మొదలు పట్టుకున్న మనిషి అంతకు ఎన్నో రెట్లు బలం పెట్టాలి. పొడవు పెరిగేకొద్దీ నడుముకే చేటు. ఒడ్డున నిలబడి ఎరను దూరం విసిరేవాడికి 11 నుంచి 13 అడుగులు అవసరం. పడవలో ఎర నేరుగా కిందికే దిగుతుంది కనుక ఆరేడు అడుగులు చాలు.

ఖరీదైన కార్బన్ రాడ్డు ఉండగా ఈ లెక్కలన్నీ ఎందుకని అడగవచ్చు. జవాబు కోసం రాడ్ల ముడిసరుకు ఎలా మారిందో చూడాలి. 1950లో చైనా సరుకుపై అమెరికా ఆంక్షలు పెట్టడంతో రాడ్లకు వాడే టోంకిన్ వెదురు కరువై, అప్పటికే వచ్చిన గాజు నార రాడ్లు మార్కెట్‌ను ఆక్రమించాయి. 1960లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో విమానాల కోసం అభివృద్ధి చేసిన కార్బన్ నార 1970లలో రాడ్లలోకి వచ్చింది. కార్బన్ తేలిక, బిగువు. లోతు నీళ్లలో చేప ఎర ముట్టినా చేతికి తెలుస్తుంది. కానీ పడవ అంచుకు తగిలి గీత పడితే, బరువు పడ్డప్పుడు అక్కడే పుటుక్కుమంటుంది. విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక పిడుగుల వేళ ప్రమాదం కూడా. మోటు వాడకాన్ని గాజు నార ఎక్కువగా ఓర్చుకుంటుంది. అందుకే మంచి బోట్ రాడ్లు చాలావాటిలో రెండూ కలిసే ఉంటాయి. పైగా దారాలు మారాయి. నైలాన్ దారం బాగా సాగి కుదుపులో కొంత తానే మింగేది. నేటి అల్లిక దారం దాదాపు సాగదు. ఆ భారం మళ్లీ రాడ్డు మీదే పడింది. అల్లిక దారం వాడేవాళ్లు మెత్తని కొన ఉన్న రాడ్డును ఎంచుకోవడం మేలు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన తీరం నుంచే వస్తుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారులు చిన్న పడవల్లో వెళ్లి చేతితాడుతోనే సూరలను, కొమ్ముకోనాలను పట్టుకొస్తారు కదా, ఇక రాడ్డెందుకు? బతుకుతెరువు వేటకు చేతితాడే సరైనది, అందులో వివాదం లేదు. కానీ వాళ్ల పనితనంలోనూ ఇదే సూత్రం ఉంది. చేప పరుగు తీస్తే తాడు వదులుతారు, అలిసి తిరిగితే లాగుతారు. అక్కడ అరచేయే డ్రాగ్, భుజమే రాడ్డు. చేతికో కాలికో తాడు మెలిక పడితే మనిషే సముద్రంలోకి పోతాడు. ఆ ప్రమాదాన్ని శరీరం మీంచి పరికరం మీదికి మార్చడమే రాడ్డూ రీలూ చేసిన మేలు. అలాగని మరీ సన్నని సరంజామా వాడటం క్రీడాధర్మమూ కాదు. పోరాటం గంటలకొద్దీ సాగితే, వదిలేసిన చేప కూడా అలసటతో చచ్చిపోవచ్చు.

కొనేటప్పుడు దారం జారే రింగుల్లో దూది తిప్పి చూడండి. పోగు తగులుకుంటే అక్కడ పగులున్నట్టే, దారం తెగేదీ అక్కడే. డ్రాగ్‌ను దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య, స్ప్రింగు త్రాసు తగిలించి మరీ సరిచేయండి. చేప పడ్డాక రాడ్డును నెమ్మదిగా ఎత్తి, దించుతూ దారం చుట్టండి. నిటారుగా ఎత్తితే భారమంతా సన్నని కొన మీద పడి విరుగుతుంది. చేపను రాడ్డుతో పడవలోకి ఎత్తకండి, దానికి వలో కొక్కెమో వాడండి. దారానికి తగిన రాడ్డు, దానికి తగిన డ్రాగ్ ఉంటే మధ్యరకం ధర సరుకైనా చాలు. ఆ పొందిక లేకపోతే ఎంత ఖరీదైన రాడ్డూ అక్కరకు రాదు.