డీసీసీ డీకోడరు అమరిక

డీసీసీ డీకోడరు అనునది నమూనా రైలు ఇంజనులో అమర్చు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక. డీసీసీ అనగా డిజిటల్ కమాండ్ కంట్రోల్. పట్టాల ద్వారా వచ్చు సంకేతములను గ్రహించి ఇంజనులోని మోటారును, దీపములను నడుపుట దీని పని. ఈ వ్యాసము ఎన్ స్కేలు ఇంజనులలో దీనిని అమర్చు పద్ధతిని వివరించును. ఎన్ స్కేలులో పట్టాల మధ్య దూరము 9 మి.మీ., నిష్పత్తి సాధారణముగా 1:160 (బ్రిటనులో 1:148).

నేపథ్యము

పాత పద్ధతిలో పట్టాలకు ఏకముఖ విద్యుత్తును ఇచ్చెదరు. వోల్టేజి పెంచిన వేగము పెరుగును, ధ్రువములు మార్చిన దిశ మారును. అందుచేత ఒకే పట్టాలపై ఉన్న ఇంజనులన్నియు ఒకేసారి కదులును. ఈ ఇబ్బందిని తొలగించుటకు జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ 1980వ దశకములో ఒక పద్ధతిని రూపొందించినది. దాని ఆధారముగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990వ దశకములో ప్రమాణములను ఏర్పరచినది. కావున ఒక సంస్థ తయారుచేసిన డీకోడరు మరొక సంస్థ నియంత్రకముతోను పనిచేయును.

డీసీసీలో పట్టాలపై పూర్తి వోల్టేజి ఎల్లప్పుడు ఉండును. ధ్రువములు మాత్రము సెకనుకు వేలసార్లు తారుమారగుచుండును. ఒక్కొక్క సగము సుమారు 58 మైక్రోసెకనులు ఉన్నచో '1' అనియు, 100 లేక అంతకు మించి ఉన్నచో '0' అనియు అర్థము. ప్రతి సందేశములోను ఇంజను చిరునామా ఉండును. తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే డీకోడరు పాటించును.

మోటారును వేరుపరచుట

కొత్త ఇంజనులలో ఎన్.ఇ.ఎమ్. 651 అను ఆరు పిన్నుల సాకెట్టుగాని, నెక్స్ట్18 సాకెట్టుగాని ఉండును. అట్టివాటిలో డీకోడరును గుచ్చిన చాలును. చిక్కంతయు సాకెట్టు లేని పాత ఇంజనులతోనే. వీటిలో చాలావాటి లోహపు చట్రము రెండు భాగములుగా ఉండి, ఒక్కొక్క భాగము ఒక్కొక్క పట్టా నుండి విద్యుత్తును నేరుగా మోటారు బ్రష్షులకు చేర్చును. డీసీసీకి ఇది పనికిరాదు. మోటారుకు విద్యుత్తు డీకోడరు నుండి మాత్రమే అందవలెను. ఒక్క బ్రష్షు చట్రమునకు తగిలియున్నను డీకోడరు క్షణములో కాలిపోవును. కాలిన దానిని బాగుచేయుట సాధారణముగా సాధ్యపడదు.

కావున బ్రష్షుల స్పర్శరేకులను చట్రము నుండి తప్పించి, మధ్యలో పాలిమైడ్ టేపు అంటించవలెను. మామూలు పీవీసీ టేపు వేడికి జారిపోవును గనుక దానిని వాడరాదు. పిమ్మట మల్టీమీటరుతో ఒక్కొక్క బ్రష్షుకు, రెండు వైపుల చక్రములకు మధ్య, అనగా మొత్తము నాలుగు మార్లు పరీక్షించవలెను. ఎక్కడను విద్యుత్ ప్రసారము కనబడరాదు. స్థలము కొరకు చట్రమును ఆకురాయితో అరగదీసినచో లోహపు పొడిని పూర్తిగా తుడిచివేయవలెను. అయస్కాంతమున్న మోటారు ఇనుపరజనును ఇట్టే ఆకర్షించును.

తీగల రంగులు

ఎరుపు, నలుపు తీగలు కుడి, ఎడమ పట్టాల వైపునకు చేరును. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు, తెలుపు ముందు దీపమునకు, పసుపు వెనుక దీపమునకు చెందును. నీలము దీపములన్నిటికి ఉమ్మడి ధన ధ్రువము. ఎల్.ఇ.డి. వాడినచో దానితో శ్రేణిలో సుమారు 1000 ఓముల నిరోధకము తప్పనిసరి. టంకము వేసిన ప్రతి అతుకుపై వేడికి ముడుచుకొను గొట్టము తొడగవలెను. డీకోడరును మాత్రము దళసరిగా చుట్టరాదు, వేడి బయటకు పోదు.

పరీక్ష

ఇంజనును మొదట ప్రోగ్రామింగు పట్టాపై ఉంచవలెను. ఇందు విద్యుత్ ప్రవాహము పరిమితముగా ఉండుటచే, తీగలలో తప్పున్నను డీకోడరు దక్కు అవకాశము ఎక్కువ. కొత్త డీకోడరు చిరునామా 3. అది చదువబడినచో అమరిక చాలవరకు సరియైనదే. ఇంజను వెనుకకు నడిచినచో నారింజ, బూడిద తీగలను తారుమారు చేయవలెను. సీవీ 29 విలువను మార్చియు దిశ మార్చవచ్చును గాని, అప్పుడు దీపముల వరుస కూడ మారును.