నాగోల్డ్ ఏటి ఒడ్డున కల్ఫ్ పట్టణం: ఒక నిఘంటువు, మూడు తరాలు



మలయాళ భాషకు తొలి మహానిఘంటువుల్లో ఒకటి జర్మనీలోని ఒక చిన్న ఏటిగట్టు ఊరిలో పూర్తి అయినదంటే మీలో కొందరికి వింతగా తోచవచ్చు. దానిని కూర్చిన పండితుడు అంతకు ముందు మన చిత్తూరులో కాపురం పెట్టినవాడన్న సంగతి ఇంకా వింత. ఆ ఊరి పేరు కల్ఫ్. జర్మన్ వర్ణక్రమాన్ని చూసి చదివితే 'కాల్వ్' అని పలకాలనిపిస్తుంది గాని, ఆ ఊరివారు పలికేది 'కల్ఫ్' అనే.

జర్మనీ నైరుతి భాగాన బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో, స్టుట్‌గార్ట్ నగరానికి పడమరగా, నల్ల అడవి అని పేరుపొందిన కొండసీమ అంచున ఈ పట్టణం ఉన్నది. జనాభా పాతిక వేలకు లోపే. ఇరుకైన లోయ, దాని అడుగున నాగోల్డ్ ఏరు, ఇరువైపులా మెట్టమీదికి ఎగబాకే వీధులు, దూలాల చట్రాల నడుమ గోడ నింపి కట్టిన ఇళ్లు. నాగోల్డ్ ముందుకు సాగి ఎంజ్‌లోను, ఎంజ్ నెక్కార్‌లోను, నెక్కార్ రైన్ మహానదిలోను కలుస్తాయి. ఒకప్పుడు నల్ల అడవి దుంగలను తెప్పలుగా కట్టి ఈ దారినే దిగువకు తేలవేసేవారు. ఏటిపై ఉన్న నికొలస్ వంతెన మధ్యలో, సుమారు 1400 నాటి చిన్న ప్రార్థనామందిరం నేటికీ నిలిచి ఉన్నది.

ఈ ఊరి చరిత్రలో మొదట చెప్పవలసినది హిర్సావ్ మఠం. కల్ఫ్‌కు కొద్ది దూరంలో అదే ఏటి ఒడ్డున, కల్ఫ్ ప్రభువుల ఆదరణతో పదకొండవ శతాబ్దంలో ఆ మఠం పునరుద్ధరింపబడి, మఠాధిపతి విల్‌హెల్మ్ కాలంలో జర్మన్ దేశాల మఠసంస్కరణకు కేంద్రమైనది. హిర్సావ్ ఊరు 1975లో కల్ఫ్‌లో కలిసింది.

రెండవది బట్టల వర్తకం. 1650లో ఇక్కడి అద్దకందారులు, వర్తకులు కలిసి ఒక సంఘంగా ఏర్పడి, తేలికపాటి ఉన్నిబట్టల వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నారు. చుట్టుపట్ల నేతగాళ్లు నేసిన బట్టను ఆ సంఘానికే, అది కట్టిన ధరకే అమ్మవలసి ఉండేది. సంఘం బాగా గడించింది. మగ్గం ముందు కూర్చున్నవాని బ్రతుకు మాత్రం అంతంతే. చేనేత ఊళ్లలో పుట్టి పెరిగిన పాఠకులకు ఈ ఏర్పాటును వేరే వివరింపనక్కరలేదు. 1797లో ఆ సంఘం రద్దయినది.

ఇక అగ్నిప్రమాదాలు రెండు. ముప్పై ఏండ్ల యుద్ధంలో 1634లో సైనికులు ఊరిని తగులబెట్టారు. అప్పుడు ఇక్కడ మతాధికారిగా ఉన్న ప్రసిద్ధ గ్రంథకర్త యోహాన్ వాలెంటిన్ ఆంద్రే ఇల్లు, గ్రంథాలయం అందులో కాలిపోయినవి. 1692లో ఫ్రెంచి సైన్యం ఊరిని మరల కాల్చివేసి, హిర్సావ్ మఠాన్ని కూడా శిథిలం చేసింది. నేడు యాత్రికులు మెచ్చుకొనే సంతవీధి ఇళ్లలో అధికభాగం ఆ తరువాత కట్టినవే.

ఇప్పుడు మన అసలు కథకు వద్దాము.

హెర్మన్ గుండెర్ట్ 1814లో స్టుట్‌గార్ట్‌లో జన్మించాడు. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టం పొంది, 1836లో క్రైస్తవ మతబోధకుడుగా మద్రాసు చేరాడు. ఓడ ప్రయాణంలోనే బెంగాలీ, హిందుస్తానీ, తెలుగు భాషలు అభ్యసించాడని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నవి. కొంతకాలం తిరునెల్వేలిలో, ఆ తరువాత చిత్తూరులో పనిచేశాడు. 1838లో జూలీ దుబోవా అనే స్విస్ దేశపు యువతిని చిత్తూరులోనే వివాహమాడాడు. ఆమె మాతృభాష ఫ్రెంచి. ఆ ఏడే దంపతులిద్దరూ పడమటి తీరాన మంగళూరులోని బాసెల్ మిషన్‌లో చేరి, 1839లో తలశ్శేరికి వెళ్లారు.

అక్కడ ఇరువది ఏండ్లు ఆయన చేసిన భాషాసేవ అసామాన్యం. 1847లో 'రాజ్యసమాచారం' అనే పత్రికను వెలువరించాడు. మలయాళంలో తొలి వార్తాపత్రికగా దానినే లెక్కిస్తారు. వ్యాకరణం వ్రాశాడు, సామెతలు ప్రోగుచేశాడు, తాళపత్రాలు సేకరించాడు, పాఠశాలల తనిఖీ అధికారిగానూ ఉన్నాడు. మత ప్రచారం ఆయన వృత్తి. ఆ వృత్తిని మెచ్చనివారు సైతం ఈ కృషిని కాదనలేదు. తలశ్శేరిలో ఆయన విగ్రహం ఉన్నది.

ఆరోగ్యం చెడి 1859లో స్వదేశానికి మరలిన గుండెర్ట్ స్థిరపడినది కల్ఫ్‌లోనే. అక్కడ క్రిస్టియన్ గాట్‌లోబ్ బార్ట్ 1833లో స్థాపించిన పుస్తకప్రచురణ సంస్థకు సహాయకుడై, బార్ట్ మరణానంతరం అధిపతి అయినాడు. పగలంతా ప్రచురణ పని ఉండగానే, మలయాళం పలికే గొంతు వినిపించని ఆ లోయలో కూర్చుని నిఘంటువును పూర్తిచేశాడు. 1872లో మంగళూరులో అది అచ్చయినది. పుటలు వెయ్యికి పైమాట. మాటల పక్కన తమిళ, కన్నడ, తుళు, తెలుగు సాదృశ్యాలను చూపడం దాని విశిష్టత. అంతకు ఇరువది ఏండ్ల ముందు, 1852లో, మన బ్రౌను నిఘంటువు వెలువడినదని గుర్తుచేసుకుంటే ఈ రెండు కృషుల సామ్యం మీకు బోధపడుతుంది. సంస్కృతంలోని ద్రావిడ పదాలపై గుండెర్ట్ 1869లో జర్మన్ భాషలో వ్యాసం ప్రకటించాడు. 1893లో కల్ఫ్‌లోనే కన్నుమూశాడు.

గుండెర్ట్ కుమార్తె మరియ 1842లో తలశ్శేరిలో పుట్టినది. మొదటి భర్త మరణించిన పిదప, 1874లో ఆమె యోహానెస్ హెస్సేను వివాహమాడినది. అతడు కూడా కొన్నేండ్లు భారతదేశంలో పనిచేసి, ఆరోగ్యం చాలక తిరిగివచ్చి, కల్ఫ్‌లో గుండెర్ట్‌కు చేదోడుగా ఉన్నవాడే. వారి కుమారుడే హెర్మన్ హెస్సే. 1877 జూలై 2న కల్ఫ్ సంతవీధిలో జన్మించి, 1946లో నోబెల్ బహుమానం అందుకున్న రచయిత. తాతగారి భారతీయ వస్తువులు, ఆయన నోట వినవచ్చే పరభాషలు తన బాల్యంపై వేసిన ముద్రను హెస్సే తన రచనల్లో తలచుకున్నాడు.

తాత చదివిన మౌల్‌బ్రోన్ విద్యాలయంలోనే మనుమడినీ చేర్చారు. 1892లో అతడు అక్కడినుంచి పారిపోయినాడు. తరువాత కల్ఫ్‌లోని గడియారాల కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. ఆ అనుభవాలనుంచి 1906లో 'చక్రం క్రింద' అనే నవల పుట్టినది. పరీక్షలో నెగ్గి ఊరికి పేరు తెచ్చిన బాలుడు చదువుల ఒత్తిడికి నలిగి, చివరకు ఏటిలో మునిగి చనిపోతాడు. ఉపాధ్యాయులైన పాఠకులు తప్పక చదువవలసిన పుస్తకం. మార్కులకోసం పిల్లలను తరిమే పని మనమూ చేస్తున్నాము గదా!

కల్ఫ్‌నే 'గెర్బెర్‌సావ్' అనే కల్పిత నామంతో హెస్సే అనేక కథల్లో చిత్రించాడు. 'గెర్బెర్' అంటే తోళ్లు పదునుచేసేవాడు. ఏటి ఒడ్డున ఆ వృత్తివారు ఉండేవారు. నికొలస్ వంతెనపై 2002లో ఆయన నిలువెత్తు విగ్రహం వెలసినది. 1922లో వచ్చిన 'సిద్ధార్థ' తెలుగులోనూ ఉన్నది. అందులో కథానాయకుడు జ్ఞానం పొందేది ఒక నది ఒడ్డున, పడవవాని చెంత. ఆ నది గంగయో నాగోల్డో మీరే ఊహించుకోండి.

ఈ కుటుంబ కథలో మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. తాత ఒక పరాయి భాషను తనదిగా చేసుకుని దానికి నిఘంటువు కూర్చాడు. తల్లి ఆ భాష పలికే గడ్డమీద పుట్టినది. మనుమడికి మిగిలినది ఇంటిలోని ఆ మాటల సవ్వడి. ఆయన వ్రాసినదంతా జర్మన్ భాషలోనే. 1911లో తూర్పుదేశాల యాత్రకు వెళ్లి సింహళం, సుమత్రా చూశాడు గాని, తల్లి పుట్టిన మలబారు తీరానికి చేరనే లేదు. మూడు తరాల్లో భాష పోయి, భావం మిగిలినది.

ఆ భాష గుండెర్ట్ కుటుంబానికి మాతృభాష కాదు గనుక అది నష్టం కాదనవచ్చు. మన సంగతి వేరు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో తాత పద్యం చదువుతాడు, తండ్రి మాట్లాడుతాడు, మనుమడు విని ఊరుకుంటాడు. మన ఇళ్లలో మూడవ తరం ఎక్కడ నిలిచినదో మీకు తెలుసు. తాత నోట మాత్రమే ఉండే మాటలు, పొలం మాటలు, మగ్గం మాటలు, వంటింటి మాటలు, వ్రాసి ఉంచినవారు మనలో ఎందరు?

వ్రాసి ఉంచితే ఏమవుతుందో కల్ఫ్ కథే చెబుతున్నది. గుండెర్ట్ సేకరించిన వ్రాతప్రతులు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరినవి. 2018లో వాటిని అంతర్జాలంలో ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచారు. మనుమడు నేర్వని భాషలోని ఆ పుటలను నేడు తలశ్శేరి బడిపిల్లవాడు తన ఇంటిలో కూర్చుని చదువుకొనగలడు.